ఎకరం పైన లాన్‌కి జీరో టర్న్ మోవర్: మన నల్లరేగడిలో ఇంటి దగ్గరే చూసుకోవడం ఎలా

మీరు అడిగింది ఇదీ: తాడికొండ దగ్గర రెండెకరాల స్థలం, అందులో ఎకరం పాతిక సెంట్ల లాన్, అమెరికాలో ఉన్న మీ బావగారు జీరో టర్న్ (కూర్చుని నడిపే, ఉన్నచోటే తిరగగల గడ్డి కోసే బండి) తీసుకోమని చెప్తున్నారు, విజయవాడలో ఒకరి దగ్గర వాడిన 42 అంగుళాల బండి అమ్మకానికి ఉంది, సర్వీస్ సెంటర్ దగ్గర్లో లేకపోయినా ఇంట్లోనే మెయింటెయిన్ చేయగలమా, తోటమాలి చేతికి ఇవ్వొచ్చా అని. చేయగలరండి, ఇవ్వొచ్చు కూడా. నేను తాడేపల్లి, కుంచనపల్లి, గన్నవరం వైపు ఫామ్‌హౌస్‌ల లాన్లు, ఫంక్షన్ లాన్లు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఈ బళ్లు పాడవడం చాలా చూశాను, బాగా నడవడం కూడా చూశాను, తేడా అంతా బండి కంపెనీలో లేదు, మన నేలని బట్టి వాడారా లేక అమెరికా వీడియోలు చూసి అక్కడిలాగే వాడారా అన్న దాంట్లోనే ఉంది. అక్కడ రాసిన మాన్యువల్ కరెక్టే, కాకపోతే అది రాసినవాళ్లకి తాడికొండ నల్లమట్టి, మే నెల ఎండ తెలియవు కదా.

ముందు అసలు అవసరమా అన్నది. యాభై సెంట్ల లోపు లాన్ అయితే నేను వద్దనే చెప్తాను, సెల్ఫ్ ప్రొపెల్డ్ తోసే మోవర్ ఒకటి, అంచులకి బ్రష్ కట్టర్ ఒకటి సరిపోతాయి, ఖర్చు చాలా తక్కువ, రిపేరు ఎవరైనా చేస్తారు. మీది ఎకరం దాటింది కాబట్టి లెక్క మారుద్ది. 42 అంగుళాల డెక్‌తో (డెక్ అంటే కింద బ్లేడ్లు తిరిగే పెట్టె) చెట్లు పుట్టలు అడ్డం లేకపోతే ఎకరం గంటలోపు అయిపోద్ది, అదే 21 అంగుళాల తోసే మోవర్‌తో సగం పూట పైనే పట్టుద్ది, వర్షాకాలంలో వారానికోసారి కోయాలంటే మనిషి కూడా దొరకడు. కానీ మీ లాన్ ఒకే ముక్కగా ఉందా, లేక మామిడి చెట్ల మధ్య, కుండీల మధ్య ముక్కలు ముక్కలుగా ఉందా చూసుకోండి. జీరో టర్న్ చెట్టు చుట్టూ బ్రహ్మాండంగా తిరుగుద్ది, దాని గొప్పే అది, కాకపోతే 42 అంగుళాల డెక్ బండికి పక్కన చ్యూట్ (కోసిన గడ్డి బయటికి పోయే మూతి) కూడా కలుపుకుంటే నాలుగున్నర అడుగుల దాకా సందు కావాలి. గేటు, షెడ్డు తలుపు టేపు పెట్టి కొలవండి.

బండి పనిచేసే తీరు ఒక్కసారి తెలుసుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. స్టీరింగ్ ఉండదు, రెండు బార్లు ఉంటాయి, ఎడమ బారు ఎడమ వెనక చక్రానికి, కుడి బారు కుడి వెనక చక్రానికి. ఒక్కో చక్రానికి విడిగా ఒక హైడ్రోస్టాటిక్ యూనిట్, అంటే పంపు, మోటారు కలిసిన ఆయిల్ డ్రైవ్, పొట్టిగా హైడ్రో అంటారు. ఒకటి ముందుకి ఒకటి వెనక్కి తోస్తే బండి ఉన్నచోటే తిరుగుద్ది. ముందు రెండు చక్రాలు కుర్చీ చక్రాల్లా ఊరికే తిరుగుతాయి, వాటికి ఏ పనీ లేదు, ఏ కంట్రోలూ లేదు. నడపడం, తిప్పడం, ఆపడం మూడూ వెనక చక్రాల పట్టు మీదే. ఆ పట్టు జారిందంటే బండి మీ చేతిలో లేనట్టే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, గట్ల గురించి చెప్పేటప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఇప్పుడు మీ నేల. నల్లరేగడి తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే బీటలు వారుద్ది. ఇంటి వాడకం బళ్లు పావు టన్ను అటూ ఇటూ బరువుంటాయి, మీద మనిషి. వాన పడిన మర్నాడు పొద్దున్నే గడ్డి పైన ఆరినట్టే కనిపిస్తది, కింద మాత్రం మెత్తగా ఉంటది. అప్పుడు దించితే రెండు చక్రాల గాళ్లు పడతాయి, తర్వాత అవి ఎండి గట్టిపడి ఏడాదంతా డెక్ ఎగిరెగిరి పడుద్ది, కోత మెట్లు మెట్లుగా వచ్చిద్ది. మడమతో గట్టిగా తొక్కి చూడండి, గుంట పడిందంటే ఆ రోజు కాదు. జూలై నుంచి అక్టోబరు దాకా ఇది చాలా ఇబ్బంది పెట్టే విషయమే, వారం తప్పుద్ది, గడ్డి మోకాలి దాకా వచ్చిద్ది, అయినా ఆగాల్సిందే. ఆగి ఒకేసారి బుర్రగొరిగినట్టు కొయ్యకుండా, మొదటిసారి ఎత్తులో పెట్టి పైన మూడో వంతే తీసి, మూడు నాలుగు రోజులాగి రెండోసారి కిందకి రండి.

మెత్తని నేల మీద ఉన్నచోటే గిర్రున తిప్పడం కూడా మానెయ్యాలి. లోపలి చక్రం కదలకుండా నిలబడి మెలి తిరిగితే గడ్డి వేరుతో సహా గుండ్రంగా ఊడి వచ్చిద్ది. వరస చివర కొంచెం వెనక్కి తీసుకుని మళ్లీ ముందుకి, వై ఆకారంలో తిప్పండి, రెండు చక్రాలూ ఎప్పుడూ కొద్దిగానైనా కదులుతూ ఉండాలి. తోటమాలికి నేర్పే మొదటి పాఠం ఇదే.

ఎండాకాలం ఇంకో రకం గొడవ. ఏప్రిల్, మేలో బీటలు రెండు వేళ్లు పట్టేంత అవుతాయి, ముందు చిన్న చక్రాలు అందులో దిగి బండి ఒక్కసారిగా ఆగుద్ది, బ్లేడు కొస మట్టికి తగులుద్ది. ఫిబ్రవరి, మార్చిలోనే ఇసుక, మెత్తగా జల్లించిన ఎర్రమట్టి కలిపి పైన పల్చగా చల్లి చీపురుతో బీటల్లోకి తోయించండి, ఏటా చేస్తే రెండు మూడేళ్లలో లాన్ ఉపరితలం సమమవుద్ది. కొందరు పొలానికి వాడే రోలర్ తెచ్చి తొక్కించేస్తారు, నల్లమట్టిని అలా తొక్కితే గాలి ఆడక గడ్డి పసుపెక్కుద్ది, వద్దు.

గట్లు. మీ స్థలం పక్కన కాలువ గట్టు ఉందని రాశారు, ఇంకుడు గుంట కూడా ఉందన్నారు. దీని గురించి నేను మొహమాటం లేకుండా చెప్తాను, ఆ గట్టు మీదకి ఈ బండి వెళ్లకూడదు. ఇందాక చెప్పాను, ముందు చక్రాలకి కంట్రోల్ లేదు అని. వాలు మీద బరువు పక్కకి లేదా కిందకి పోయి వెనక చక్రాల్లో ఒకటి జారితే, బార్లు ఎటు లాగినా బండి వాలు దిక్కుకే పోద్ది, బ్రేకు కూడా ఆ చక్రాల మీదే కాబట్టి పనిచేయదు. జీరో టర్న్‌లతో జరిగే చావులు చాలావరకు ఇలాంటివే, బండి బోల్తా పడి మనిషి దాని కింద పడటం, లేదా చెరువులోకి దొర్లి మనిషి బండి కింద నీళ్లలో ఇరుక్కోవడం. చాలా కంపెనీలు 15 డిగ్రీలు దాటిన వాలు మీద నడపొద్దని రాస్తాయి, కొన్ని పదే అంటాయి. 15 డిగ్రీలు కంటికి అంచనా దొరకదు, మీటరు కర్రని వాలు మీద ఒక కొస ఆనించి లెవెల్‌గా పట్టుకోండి, రెండో కొస నేలకి 27 సెంటీమీటర్ల కన్నా ఎత్తులో ఉందంటే 15 దాటినట్టు. తడి గడ్డి అయితే అందులో సగం వాలు కూడా ప్రమాదమే. గట్టు అంచు, గుంట, కాలువ, ప్రహరీ పక్కన లోతు, వీటికి కనీసం రెండు బళ్ల వెడల్పు దూరంలో ఆపేయండి, ఆ మిగిలిన పట్టీ బ్రష్ కట్టర్‌తో కొట్టించండి. నేనైతే అక్కడ వరసగా ఇటుకలు పాతి సున్నం కొట్టిస్తాను, ఎవరు నడిపినా గీత కనిపిస్తది. వెనక రోల్ బార్ (బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనప కమ్మీ) ఉన్న బండి అయితే బార్ నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్టు పెట్టుకోవాలి, బార్ మడిచి ఉంటే లేదా అసలు లేకపోతే బెల్టు పెట్టుకోకూడదు, ఇది చాలామందికి తెలియదు.

ఇక డెక్, బ్లేడ్లు. వీటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే లాన్ అందం, ఇంజిన్ ఆయుష్షు, బెల్ట్ ఆయుష్షు మూడూ ఇక్కడే తేలతాయి. 42 అంగుళాల దానికి మామూలుగా రెండు బ్లేడ్లు. మన దగ్గర నేలలో గులకరాళ్లు, కట్టడం అయ్యాక మిగిలిన కంకర, మేకులు, బైండింగ్ వైరు ముక్కలు లేని స్థలమే ఉండదు. మొదటిసారి దించే ముందు ఇద్దరు మనుషుల్ని పెట్టి లాన్ అంతా వరసగా నడిపించి ఏరించండి, ప్రతి కోతకీ ముందు కూడా ఒక చుట్టు నడవండి, రాయి ఒకటే కాదు, వానాకాలంలో పాములుంటాయి. బ్లేడు కొస ఎంత వేగంతో తిరుగుద్దంటే నిమిషానికి పద్దెనిమిది పందొమ్మిది వేల అడుగులు, రాయి తగిలితే అది బుల్లెట్ లాగే వెళ్లుద్ది. పిల్లలు, కుక్కలు ఆ వైపు ఉండకూడదు, చ్యూట్ మూత పీకేసి నడపకూడదు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని సరదాగా తిప్పడం అసలు పనికిరాదు.

బ్లేడు పదును పోయిందని గడ్డే చెప్పుద్ది, కోసిన మర్నాడు కొసలు తెల్లగా, పీచు పీచుగా కనిపిస్తే గడ్డి తెగలేదు, చిరిగింది. మన మట్టిలో ఇరవై ఇరవై అయిదు గంటలకోసారి సాన పట్టాల్సి వచ్చిద్ది. బండి ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైర్లు రెండూ లాగేసి, అప్పుడు మాత్రమే డెక్ కింద చేయి పెట్టాలి. జాకీ మీద ఒక్కదాని మీదే నిలబెట్టి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. తీసేటప్పుడు చెక్క ముక్క అడ్డం పెడితే బ్లేడు తిరగదు. ఫ్లాట్ ఆకురాయితో గానీ గ్రైండర్‌తో గానీ పాత ఏటవాలు ప్రకారమే, సుమారు 30 డిగ్రీలు, పైవైపు నుంచి మాత్రమే రుద్దండి. కత్తిపీటంత పదును అక్కర్లేదు, అంత పల్చగా చేస్తే మొదటి రాయికే మడత పడుద్ది. గ్రైండర్ ఆనించి అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే. అందుకే కమ్మరి దగ్గరికి పంపొద్దు అంటాను, వాళ్ల పని మంచిదే, కానీ కొలిమిలో కాల్చి సాగగొడతారు, కొడవలికి సరిపోద్దిగానీ ఈ బ్లేడుకి కాదు. వంగినది కొట్టి సరిచేయడం, పగిలినది వెల్డింగ్ పెట్టడం అసలే చేయకూడదు, పారేసి కొత్తది వేయండి. అయ్యాక గోడకి మేకు కొట్టి బ్లేడు మధ్య రంధ్రం దానికి తగిలించండి, ఏ వైపు దిగితే ఆ వైపు ఇంకొంచెం రుద్దండి, రెండు వైపులా సమంగా నిలబడాలి. బ్యాలెన్స్ లేని బ్లేడు స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగ్‌ని నెలల్లో తినేస్తది. బిగించేటప్పుడు ఎత్తుగా ఉన్న రెక్క పైకి, డెక్ వైపు ఉండాలి. బోల్టుకి మాన్యువల్‌లో చెప్పిన టార్క్ (బిగింపు బలం) పెట్టండి.

డెక్ లెవెల్ చూసే ముందు టైర్లలో గాలి చూడండి. కోత ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పొట్టిగా వస్తుందని బండి తెచ్చి చూపించేవాళ్లలో సగం మందికి రోగం డెక్‌లో కాదు, ఒక వెనక టైరులో గాలి తక్కువ. వెనక సాధారణంగా 10 నుంచి 15 పీఎస్ఐ, ముందు కొంచెం ఎక్కువ, మీ బండి స్టిక్కర్ మీద ఉన్న అంకె ఫైనల్. పంక్చర్ షాపులో చెప్పకపోతే కారుకి కొట్టినట్టు ముప్పై కొట్టేస్తారు, పక్కనే నిలబడండి. గాలి సరిచేశాక సిమెంటు గచ్చు మీద పెట్టి బ్లేడు కొసలు కొలవండి, ఎడమ కుడి సమానంగా, ముందు కొస వెనక దానికన్నా 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందకి ఉండాలి. ఎత్తు సంగతికొస్తే, మీది కొరియన్ గడ్డి అన్నారు, దాన్ని కార్పెట్‌లా అంగుళానికి కొయ్యాలని అందరికీ ఆశ ఉంటది, కానీ అది దిబ్బలు దిబ్బలుగా పెరుగుద్ది, ఈ బండి రోటరీ బ్లేడు ఆ దిబ్బల్ని గొరిగేసి గోధుమరంగు మచ్చలు పెడుద్ది. అంగుళంన్నర నుంచి రెండంగుళాలు ఉంచండి. ఎండాకాలం రెండున్నర.

పని అవ్వగానే డెక్ కింద అంటుకున్న గడ్డి చెక్క ముక్కతో గీకేయాలి, ఇది ప్రతిసారీ, తప్పకుండా. తడి గడ్డి, నల్లమట్టి కలిసి ఎండితే సిమెంటులా పట్టుద్ది, కింద ఇనుము తుప్పు పట్టి రెండు మూడు వానాకాలాల్లో డెక్ చిల్లులు పడుద్ది. మనవాళ్లకి ఏదైనా కడగాలంటే వాటర్ సర్వీసింగే గుర్తొచ్చిద్ది, ప్రెషర్ పంపు పెట్టి స్పిండిల్స్ మీద, ఇంజిన్ మీద, క్లచ్ మీద కొడతారు, బేరింగ్ సీలు దాటి నీళ్లు వెళ్తాయి, నెలలో గరగర మొదలవుద్ది. గీకడం, బ్లోయర్‌తో ఊదడం, తుడవడం, అంతే. గ్రీజ్ నిప్పుల్స్ ఉన్న స్పిండిల్స్‌కి, ముందు చక్రాల పివట్లకి పాతిక ముప్పై గంటలకోసారి మామూలు ఏపీ-3 గ్రీజ్ చాలు. కొన్ని స్పిండిల్స్ సీల్డ్, నిప్పుల్ ఉండదు, వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

ఇంజిన్ సంగతి. ఇవన్నీ ఎయిర్ కూల్డ్ ఇంజిన్లు, కవాసాకి అయినా కోహ్లర్ అయినా బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అయినా. పైన తిరిగే ఫ్యాన్ గాలే దాన్ని చల్లబరచాలి. అందుకే ఇంజిన్‌కి పాపం అని సగం థ్రాటిల్‌లో (ఇంజిన్ సగం స్పీడులో) కొయ్యడం మంచిది కాదు, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుద్ది, లోడు మాత్రం అదే ఉంటది, వేడెక్కుద్ది, బ్లేడు వేగం కూడా చాలక గడ్డి తెగదు. బ్లేడ్లు ఆన్ చేసేది మధ్య థ్రాటిల్‌లో, కోసేది ఫుల్‌లో, స్పీడు తగ్గించుకోవాలంటే బార్లతో. అయిపోయాక ఒక నిమిషం తక్కువలో తిరగనిచ్చి ఆపండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిది లోపు లేదా సాయంత్రం అయిదు తర్వాత మాత్రమే, 44, 45 డిగ్రీల ఎండలో గంట కోస్తే ఇంజిన్ కన్నా ముందు హైడ్రో ఆయిల్ పల్చబడి బండి నీరసించిద్ది, మనిషికీ వడదెబ్బే.

ఫ్యాన్ పైన జల్లెడ ఉంటది, దాని మీద గడ్డి పొట్టు ప్రతి కోతకీ తీసేయాలి. ఏడాదికోసారి ఆ పై కవరు మొత్తం విప్పి సిలిండర్ రెక్కల మధ్య చూడండి, అక్కడ పొట్టు, నూనె కలిసి పిడచలా ఉంటది, ఎలుకలు గూడు కూడా పెడతాయి. బయటికి ఏమీ కనిపించదు, ఇంజిన్ ఒకవైపు సిలిండర్ మాత్రం కాలిపోద్ది. విజయవాడలో ఇంజిన్ పోయిందని తెచ్చిన బళ్లలో నేను ఎక్కువ చూసింది ఇదే.

ఆయిల్ కొత్త బండికి మొదటి అయిదు నుంచి ఎనిమిది గంటలకి మార్చాలి, తర్వాత మాన్యువల్‌లో 50 అనో 100 గంటలనో ఉంటది. 100 ఉన్నా మనం 50కే మార్చుకుందాం, మన దుమ్ముకి, వేడికి అదే మంచిది, రెండు లీటర్ల లోపే పట్టుద్ది, అంత ఖర్చేమీ కాదు. ఎస్ఏఈ 30 గానీ, మీ ఇంజిన్ పుస్తకం ఒప్పుకుంటే 20డబ్ల్యూ-50 గానీ. ఎయిర్ ఫిల్టర్ పేపరు భాగాన్ని కడగొద్దు, కంప్రెసర్ గాలి బలంగా కొట్టొద్దు, కంటికి కనపడని చిల్లు పడుద్ది, దాంట్లోంచి నల్లమట్టి దుమ్ము లోపలికి పోయి రింగులు అరిగిపోతాయి. మెల్లగా తట్టి పెట్టుకోండి, బాగా నల్లబడితే కొత్తది. పైన స్పాంజి ఉంటే అది సబ్బు నీళ్లలో కడిగి బాగా ఆరబెట్టి పెట్టొచ్చు.

పెట్రోల్ గురించి ఇక్కడ తప్పకుండా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20, ఈ మోవర్ ఇంజిన్ల మాన్యువల్స్‌లో ఎక్కువవాటిలో పది శాతం దాటొద్దని ఉంటది. నడవదా అంటే నడుస్తది, రోజూ కోసేవాళ్లకి పెద్దగా తెలియదు కూడా, సమస్యంతా నిలవ ఉంచినప్పుడే. ఇథనాల్ తేమని పీల్చుద్ది, మన వానాకాలం గాలిలో తేమకి కొదవ లేదు, కొన్ని వారాలు ట్యాంకులో ఉంటే నీళ్లు అడుగుకి చేరి కార్బ్యురేటర్ జెట్లు పచ్చగా చిలుము పట్టి మూసుకుపోతాయి, పాత రబ్బరు పైపులు ఉబ్బి పగుళ్లు వస్తాయి. కాబట్టి రెండు వారాలకి సరిపడా మాత్రమే తెచ్చుకోండి, డబ్బా మూత గట్టిగా ఉండాలి. మూడు వారాలు బండి తీయం అనుకుంటే ట్యాంకు కింద పెట్రోల్ కాక్ మూసేసి ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడపండి, ఇంకా ఎక్కువకాలం అయితే ట్యాంకు మొత్తం ఖాళీ చేసేయండి, ఆ పెట్రోల్ బైకులో పోసుకోవచ్చు. పెట్రోల్ పైపు, ఫిల్టర్ ఏడాదికోసారి ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చేయండి, ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లకి వాడే పైపు ఆటోనగర్‌లో సులువుగా దొరుకుద్ది.

హైడ్రోలు. మీరు చూసే బండిలో హైడ్రో ఏ రకమో తెలిస్తే ఇంకా వివరంగా చెప్పొచ్చు. ఇంటి వాడకం చిన్న బళ్లలో హైడ్రో-గేర్ ఈజెడ్‌టీ లాంటివి వస్తాయి, వాటికి ఆయిల్ మార్చే ఏర్పాటు పెట్టరు. కొంచెం పైరకం జెడ్‌టీ-2800, 3100 లాంటి వాటికి ఫిల్టర్ ఉంటది, మొదటి 75 నుంచి 100 గంటలకి ఒకసారి, తర్వాత 400 గంటలకోసారి 20డబ్ల్యూ-50 ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆయిల్ మార్చాక గాలి తీయడం మర్చిపోతారు, వెనక చక్రాలు పైకి లేపి, బైపాస్ లివర్ (చక్రాలని హైడ్రో పట్టు నుంచి వదిలించే పిడి) తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా బార్లు నెమ్మదిగా ముందుకి వెనక్కి అయిదారు సార్లు కదపాలి, తర్వాత బైపాస్ మూసి మళ్లీ అంతే. చేయకపోతే గుర్రుమని శబ్దం, జర్కులు. బండి చెడిపోయినప్పుడు నెట్టాలన్నా ఆ బైపాస్ తెరవాలి, తెరవకుండా ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగితే హైడ్రో లోపల పోద్ది. ఇంకొకటి, వేడెక్కాక ఒకవైపు బలం తగ్గిందంటే వెంటనే హైడ్రో పోయిందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు, ముందు డ్రైవ్ బెల్ట్ జారుతుందేమో, హైడ్రో పైన చిన్న ప్లాస్టిక్ ఫ్యాన్ రెక్కలు విరిగాయేమో చూడమనండి, చాలాసార్లు అక్కడే దొరుకుద్ది.

పార్టులు దొరుకుతాయా అన్నారు. బేరింగులు సమస్యే కాదు, స్పిండిల్స్‌లో వాడేవి ఎక్కువగా 6203, 6204, 6205 లాంటి మామూలు సైజులే, మన విజయవాడ ఆటోనగర్‌లో ఏ బేరింగ్ షాపులో అయినా ఉంటాయి, మంచి కంపెనీది, రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది అడగండి. ఐడ్లర్ పుల్లీ బుష్షులు, వంగిన బ్రాకెట్లు, సీటు రెక్సిన్, వైరింగ్ అన్నీ అక్కడే అయిపోతాయి. బెల్ట్ దగ్గర మాత్రం జాగ్రత్త. షాపులో కొలిచి ఏ సెక్షన్, బీ సెక్షన్ మామూలు వి-బెల్ట్ ఇస్తారు, పొడవు వెడల్పు సరిపోద్ది కూడా, కానీ మోవర్ డెక్ బెల్ట్ లోపల అరామిడ్ అనే గట్టి దారం ఉంటది, వెనక్కి కూడా వంగి పుల్లీల మీద తిరిగేలా చేస్తారు, పిండిమిల్లు బెల్ట్ ఆ వంపులకి సాగి కాలిపోద్ది. అవసరానికి ఒక కోత లాక్కురావచ్చు, అంతకన్నా కాదు. అందుకే బండితో పాటే కొన్ని తెప్పించి పెట్టుకోండి: డెక్ బెల్ట్ ఒకటి, డ్రైవ్ బెల్ట్ ఒకటి, బ్లేడ్లు రెండు జతలు, ఎయిర్ ఫిల్టర్లు, ఆయిల్ ఫిల్టర్లు, ప్లగ్గులు, సీటు స్విచ్ ఒకటి. మీ బావగారు వచ్చేటప్పుడు సూట్‌కేస్‌లో పట్టే సరుకే. పానాలు కూడా, అమెరికా బళ్లకి బోల్టులు అంగుళాల్లో ఉంటాయి, మన మిల్లీమీటర్ పానాలు పెట్టి తిప్పితే తలలు గుండ్రంగా అరిగిపోతాయి, పాత మాస్సీ ట్రాక్టర్లు చేసే మెకానిక్‌ల దగ్గర అంగుళాల సెట్ ఉంటది, మీరూ ఒకటి కొనుక్కోండి.

చిన్న సంగతులు కొన్ని త్వరగా. షెడ్డులో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, సీటు కింద వైరింగ్‌కి ప్లాస్టిక్ పైపు తొడిగించండి. బ్యాటరీ 12 వోల్టులది, తీయని నెలల్లో మైనస్ వైరు విప్పి పెట్టండి, అప్పుడప్పుడు ఛార్జ్ చేయండి. తుమ్మ ముళ్లకి ముందు టైర్లలో సీలెంట్ పోయించడం మంచిది. సీటు స్విచ్ పనిచేయడం లేదని దాన్ని వైరుతో డైరెక్ట్ చేయించేవాళ్లున్నారు, మనిషి సీట్లోంచి పడిపోతే బ్లేడు ఆగాల్సింది దానివల్లే, దయచేసి అది చేయించొద్దు.

2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది కూడా. బండి నీళ్లలో మునిగితే స్టార్ట్ చేసి చూడకూడదు, తాళం కూడా తిప్పొద్దు. బ్యాటరీ విప్పేయాలి, ప్లగ్గులు తీసి చేత్తో తిప్పి సిలిండర్‌లో నీళ్లు బయటికి పంపాలి, ఇంజిన్ ఆయిల్, పెట్రోల్ మొత్తం తీసేయాలి, ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే కొత్తది పోసి కాసేపు నడిపి మళ్లీ మార్చాలి. హైడ్రోలోకి నీళ్లు పోయిందో లేదో దాని ఆయిల్ రంగు చెప్పుద్ది. మొదటి రెండు రోజుల్లో చేస్తే ఇంజిన్ దక్కుద్ది, వారం వదిలేస్తే లోపల తుప్పే. మీ షెడ్డు పల్లంలో ఉంటే ముందే రెండడుగుల మెరక మీద గచ్చు పోయించండి.

ఇప్పుడు ఆ వాడిన బండి. అవర్ మీటర్ (ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపేది) చూడండి, కానీ దాన్నే నమ్మకండి. డెక్ కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, తుప్పు పెచ్చులుగా రాలి లోపలికి దిగిందంటే డెక్ అయిపోయినట్టు, ఆ రేటుకి వద్దు. ప్లగ్ వైర్లు తీసి బ్లేడు కొస పట్టుకుని పైకి కిందకి ఊపితే స్పిండిల్ ఆట తెలుస్తది, అది చిన్న ఖర్చే, బేరం ఆడటానికి పనికొచ్చిద్ది. అసలు పరీక్ష హైడ్రోలకి, చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగానే వెళ్తాయి. అరగంట కోయించి బాగా వేడెక్కాక, చిన్న ర్యాంపు ఎక్కించి మధ్యలో ఆపి మళ్లీ కదిలించమనండి, ఒక చక్రం వెనకబడినా, బండి ఒక వైపు లాగినా జాగ్రత్త పడండి. బార్లు న్యూట్రల్‌లో ఉండగా బండి మెల్లగా పాకుతుంటే అది లింకేజ్ (బార్లని హైడ్రోకి కలిపే కడ్డీల) అడ్జస్ట్‌మెంట్, భయం లేదు. తెచ్చేటప్పుడు టాటా ఏస్‌లో తెచ్చుకోండి, వెడల్పైన ర్యాంపు మీద రివర్స్‌లో ఎక్కించాలి, ముందుకి నడుపుతూ దించాలి, తిరగేస్తే ముందు భాగం లేచి వెనక్కి పడుద్ది.

తోటమాలికి ఇవ్వొచ్చా అంటే, ఒకరికే ఇవ్వండి, పనికొచ్చిన ప్రతివాళ్లకీ కాదు. మొదటి రెండు మూడు రోజులు బ్లేడ్లు ఆన్ చేయకుండా ఖాళీ స్థలంలో తిప్పమనండి, బార్లు చాలా సున్నితం, ట్రాక్టర్ తోలినవాళ్లు గట్టిగా లాగడం అలవాటై మొదట్లో ఇబ్బంది పడతారు, బైకు బాగా నడిపే కుర్రాళ్లు తొందరగా పట్టుకుంటారుగానీ స్పీడు పెంచేస్తారు. మూసిన బూట్లు, కళ్లద్దాలు, చెవులకి మఫ్ కొనిచ్చి వేసుకున్నాకే తాళం ఇవ్వండి. షెడ్డు గోడకి ఒక నోటు పుస్తకం వేలాడదీసి తేదీ, అవర్ మీటర్ అంకె, ఏం చేశారో రాయించండి, ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడక్కర్లేదు.

ఆ బండి సీటు కింద మోడల్, సీరియల్ నంబర్ ఉన్న ప్లేటు ఫోటో, డెక్ కింద ఫోటో ఒకటి, అవర్ మీటర్ ఫోటో పెట్టండి. హైడ్రో ఏ రకమో, బెల్ట్ నంబర్ ఏంటో, అడుగుతున్న రేటుకి బండి తగినదో కాదో చూసి చెప్తాను. కొనేది మాత్రం గట్టు అంచున ఇటుకలు పాతించాకే తెచ్చుకోండి.